ఆట దుడ్ల లెక్క

నాయనా,

వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫ్లెక్సీ డిజైన్ చూసినాను. సంక్రాంతికి పెద్దతిప్పసముద్రంలో టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంటు, 32 టీములు, ఎంట్రీ ఫీజు 1,500, మొదటి బహుమతి 50,000. అడుగున చిన్న అక్షరాల్లో, వేసవి నుంచి కబడ్డీ, క్రికెట్ అకాడమీ అని కూడా వేసినావు. నాకు నిజంగా సంతోషమయింది. బెంగళూరులో ఉద్యోగం వదిలిపెట్టి, ఊరికొచ్చి, బిడ్లను ఆడిస్తాననేవాళ్ళు మన పక్క ఎంతమంది ఉన్నారు? మీ అమ్మ భయపడి నాకు ఫోన్ చేసింది గానీ, నేను నిన్ను ఆపడానికి రాయడం లేదు. నేను బడిలో పీఈటీగా చేరి పీడీగా రిటైరైనవాణ్ణి. అయినా ఆడించడం నీకు నేను నేర్పక్కర్లేదు. ఆట చుట్టూ దుడ్లు ఎట్లా తిరుగుతాయో, ఎక్కడ కాటేస్తాయో మాత్రం నీకు ఇంకా తెలియదు. ఆ ఒక్కటీ చెప్పనీ.

ముందు నీ టోర్నమెంటు లెక్కే వేద్దాం. 32 టీములు, తలా 1,500 అంటే 48,000. బహుమతులు మొదటిది 50,000, రెండోది 25,000, మ్యాన్ ఆఫ్ ది సిరీస్‌కూ షీల్డులకూ ఇంకో 5,000. అంటే 80,000. మైక్ సెట్టు, షామియానా, బంతులు, అంపైర్లు, భోజనాలు, రాత్రి మ్యాచులకు లైట్లు కలిపి 40,000 కంటే తగ్గదు. మొత్తం లక్షా 20 వేలు. చేతికొచ్చేది 48,000. మిగతా 72,000 దాతలివ్వాల.

ఆ దాతలు ఎవరు? మన పక్క దాత అంటే సగం మంది టమోటా మీద బతికేవాళ్ళే. మండీ యజమానులు, ఎరువుల అంగళ్ళవాళ్ళు, లారీలవాళ్ళు. 2023లో జూలై, ఆగస్టుల్లో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయలకు అటూ ఇటూ పలికినప్పుడు అడగకముందే ఇచ్చినవాళ్ళున్నారు. అదే కాయను రోడ్డు పక్కన పారబోసే సంవత్సరం నువ్వు పోయి నిలబడితే, వాళ్ళు ఫోనెత్తరు. అది వాళ్ళ తప్పు కాదు. ఇంకో రకం దాత ఉంటాడు. ప్రారంభోత్సవం నాడు స్టేజీ మీద మైకు పట్టుకుని తన వంతు 20,000 అని ప్రకటిస్తాడు, జనం చప్పట్లు కొడతారు, ఆ దుడ్లు ఉగాదికి కూడా రావు. అయినా ఫైనల్ గెలిచిన టీముకు ఆ సాయంత్రమే చేతిలో పెట్టాల. అప్పుడు నూటికి మూడు వడ్డీకి తెచ్చేది నువ్వు. దాతలు వెనక్కి తగ్గితే, పండగ ఆడించినందుకు మీ అమ్మ తన గాజులు తాకట్టు పెట్టాల.

అందుకే నా మాట విను. చేతికి రాని దుడ్లను ఫ్లెక్సీలో వేయొద్దు. ఇచ్చినవాడి పేరే వేయాల, ఇస్తానన్నవాడి పేరు కాదు.

మొదటి బహుమతి పెంచితే టోర్నమెంటుకు పేరొస్తుందని నీ లెక్క. నేను చూసిందేమంటే, బహుమతి 50,000 అయ్యేసరికి ఊళ్ళ టీములు అడుగున పడతాయి. టీము పేరు మన ఊరిదే ఉంటుంది, బంతి వేసేవాడు బెంగళూరు నుంచో అనంతపురం నుంచో కిరాయికి వస్తాడు. అట్లాంటి టీములు రాగానే వాటి వెనక పందెం కట్టేవాళ్ళు వస్తారు. బౌండరీ దగ్గర బైకుల మీద కూచుని, ఓవరు ఓవరుకూ ఫోన్లు చేసేవాళ్ళను నువ్వూ చూసే ఉంటావు. అంపైరు ఒక ఎల్బీ ఇస్తే గొడవ క్రికెట్ గురించి ఉండదు, దుడ్ల గురించి ఉంటుంది.

పైగా ఇది నాకౌటు. 32 టీముల నాకౌటులో 31 మ్యాచులు. మొదటి రౌండ్లోనే 16 టీములు ఇంటికి పోతాయి. ములకలచెరువు నుంచో, సరిహద్దు అవతల చేలూరు నుంచో ఆటో మాట్లాడుకుని, ఫీజు కట్టి, ఎనిమిది ఓవర్లు ఆడి తిరిగి పోయే పిల్లోళ్ళు నీ ఖర్చులో 24,000 మోస్తున్నారు. గెలిచినవాడి బహుమతి వాళ్ళ జేబుల్లోంచి పోతోంది.

16 టీములే పిలువు. నాలుగు గ్రూపులు చెయ్యి, ఒక్కో గ్రూపులో నలుగురూ ఒకరితో ఒకరు ఆడితే ఆరు మ్యాచులు, నాలుగు గ్రూపులకు 24. రెండు సెమీఫైనళ్ళు, ఒక ఫైనలు. మొత్తం 27. నాకౌటు కంటే నాలుగు మ్యాచులు తక్కువ, ప్రతి టీముకూ కనీసం మూడు ఆటలు. మొదటి బహుమతి 15,000, రెండోది 10,000 పెట్టు. ఖర్చులు 35,000 అనుకున్నా మొత్తం 60,000. ఎంట్రీ ఫీజులు 24,000 వస్తాయి. దాతల నుంచి కావలసింది 36,000. నీ ఫ్లెక్సీ లెక్కలో సగం. బహుమతి తగ్గితే కిరాయివాళ్ళు రారు, వాళ్ళ వెనక వచ్చేవాళ్ళూ రారు. జనం రారేమో అని దిగులొద్దు. పక్కింటి పిల్లోడు ఆడుతుంటే చూడటానికి వచ్చేంతమంది, ఎవరో తెలియని వాడి సిక్సర్లు చూడటానికి రారు.

ఇంకో మాట. ఏదో గేమింగ్ యాప్ వాళ్ళు షర్టులు ఇస్తామన్నారని రాసినావు. దుడ్లు పెట్టి ఆడే యాపులను మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించినారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అది రాగానే 358 కోట్ల ఒప్పందంతో భారత జట్టు చొక్కా మీద పేరు వేసుకున్న డ్రీమ్ 11 ఆ ఒప్పందం వదులుకుని పోయింది. బీసీసీఐకే తప్పని చిక్కు నీకెందుకు? చట్టం సంగతి అటుంచు. ఆ షర్టు వేసుకుని ఆడిన పదిహేనేళ్ళ పిల్లోడు రాత్రి ఇంటికి పోయి ఫోనులో ఏం తెరుస్తాడో ఆలోచించు. షర్టులు లేకపోతే రంగు రిబ్బన్లు కట్టి ఆడించు.

ఆడేవాళ్ళలో 18 నిండినవాళ్ళందరికీ ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో ఎంట్రీ ఫారంలోనే అడుగు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. చెయ్యి విరిగితే అది పనికిరాదు, ఆసుపత్రి ఖర్చుకు నీ బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టాల. అది ఖర్చు కాకపోతే వచ్చే ఏడాదికి మిగులుతుంది.

టోర్నమెంటు వారం రోజుల పని. నాకు అసలు బెంగ అకాడమీ గురించే.

నువ్వు అకాడమీ బోర్డు కట్టిన నెల లోపల నీ దగ్గరికి ఒకడొస్తాడు. కోటు వేసుకుని, మెడలో ఐడీ కార్డు తగిలించుకుని వస్తాడు. తమది ఫలానా జాతీయ ఫెడరేషన్ అంటాడు. గోవాలోనో, ఢిల్లీలోనో, నేపాల్‌లోనో టోర్నమెంటు ఉందంటాడు. పిల్లోడికి ఇంత అని కట్టిస్తే నేషనల్ సర్టిఫికెట్, మెడల్, పేపర్లో ఫోటో. తలకింత నీకూ ఇస్తానంటాడు. నిన్ను జిల్లా కోఆర్డినేటర్ అంటాడు.

నా దగ్గర చదివిన ఒక పిల్లోడి సంగతి చెప్తా. మంచి రైడరు, ఎడమ పక్కనుంచి వచ్చి బోనస్ గీత తాకి వెనక్కి తిరిగేవాడు, డిఫెన్సు చెయ్యి ఎత్తేలోపల ఇవతల ఉండేవాడు. పై చదువుకు పోయినాక ఒకరెవరో వాళ్ళ నాయనకు ఇదే మాట చెప్పినారు. వాళ్ళు గొర్రెల్లో నాలుగు అమ్మి కట్టినారు. రైల్లో జనరల్ బోగీలో పోయి, ఒక కల్యాణ మండపంలో పడుకుని, ఐదు టీములతో ఆడి బంగారు పతకం తెచ్చుకున్నాడు. ఊళ్ళో ఊరేగింపు కూడా చేసినారు. తర్వాత ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో అప్లై చేసినప్పుడు, ఆ సర్టిఫికెట్‌ను కౌంటర్ దగ్గరే పక్కన పెట్టేసినారు. ఆ ఫెడరేషన్‌కు గుర్తింపు లేదు. వాళ్ళ నాయన ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నా దగ్గరికి తెచ్చి చూపించి, ఇది ఎందుకు పనికిరాదు సార్ అని అడిగినాడు. దాని మీద అక్షరం తప్పు లేదు, సీలు ఉంది, సంతకం ఉంది. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి ఇది నువ్వు కంఠతా పట్టాల. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు నాలుగు రకాల పోటీలే ముఖ్యంగా లెక్క. దేశం తరఫున అంతర్జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3. రాష్ట్ర పాఠశాలల జట్టు తరఫున జాతీయ స్కూలు గేమ్స్ ఆడితే ఫారం 4. ప్రతిదానికీ ఎవరు సంతకం చేయాలో నిర్ణయమై ఉంది. మన రాష్ట్రంలో 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచినారు. మంచిదే. కోటా పెరిగే కొద్దీ దొంగ సర్టిఫికెట్ల అంగడి కూడా పెరుగుతుంది. నీ అకాడమీలో చేరే ప్రతి తల్లికీ తండ్రికీ ఈ నాలుగు ఫారాల సంగతి మొదటి రోజే చెప్పు. నువ్వు చెప్పకపోతే కోటు వేసుకున్నవాడు చెప్తాడు, వాడి పద్ధతిలో.

స్కూలు గేమ్స్ దారి పైసా ఖర్చు లేనిదని చెప్పను గానీ, నిజమైన దారి అదే. మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయం. అండర్ 14, 17, 19. పిల్లోడి పేరు బడి రిజిస్టర్‌లో ఎట్లా ఉందో, ఆధార్‌లో ఎట్లా ఉందో, పుట్టిన తేదీ రెండిట్లో ఒకటేనా కాదా, ఆరో తరగతిలోనే చూసి సరిచేయించు. సెలక్షన్ రోజు ఇంటిపేరు తేడా అని ఎండలో నిలబడి ఏడ్చిన పిల్లోళ్ళను చూసినాను. వయసు తగ్గించి ఆడిద్దామని ఎవరన్నా అంటే మాత్రం అక్కడే తెంచెయ్. క్రికెట్‌లో ఎముక ఎక్స్‌రే తీసి వయసు తేల్చేస్తున్నారు. పట్టుబడితే పోయేది కోచ్ పేరు కాదు, పిల్లోడి బతుకు.

బడికి దుడ్లు రావని నువ్వు అనుకుంటున్నావు. సమగ్ర శిక్షలో ఆటల సామగ్రికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, హైస్కూలుకు 25,000 వరకు ఏడాదికి ఇచ్చే ఏర్పాటుంది. 25,000 అంటే పెద్ద మొత్తం కాదు. బంతులు, నెట్లు, కొన్ని జతల బూట్లు కొంటే అయిపోతుంది, జిల్లా పోటీలకు పిల్లోళ్ళను తీసుకుపోయే బస్సు చార్జీ, అన్నం ఖర్చు చాలా చోట్ల పీఈటీ జేబులోంచే పోతుంది. నీ టోర్నమెంటులో మిగిలిన దుడ్లు పోవలసింది అక్కడికి. హెడ్మాస్టరు గారిని కలిసి, తల్లిదండ్రుల కమిటీ ముందర ఇచ్చి, రసీదు రాయించుకో. గ్రౌండ్ కూడా అట్లనే అడుగు. బడి మైదానంలో బడి పిల్లోళ్ళ దగ్గర ఫీజు తీసుకోవడం నీకు తగదు. పొద్దున వాళ్ళకు ఊరికే నేర్పు. సాయంత్రం ఇవ్వగలిగినవాళ్ళ దగ్గర తీసుకో. నీకూ తిండి కావాల కదా, అందులో సిగ్గేమీ లేదు. తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వు, రసీదు మీద ఏం నేర్పుతున్నావో రాయి, నెలకు ఎన్ని రోజులో రాయి. నేషనల్స్ ఆడిస్తామని, ఉద్యోగం గ్యారంటీ అని ఎక్కడా రాయొద్దు, నోటితో కూడా అనొద్దు.

మీ నాయన అడిగే ప్రశ్న నేనూ అడుగుతా. ఈ ఆటల్లో బతుకుందా? పుల్లెల గోపీచంద్ 2025 ఫిబ్రవరిలో ఒక మాట అన్నాడు. ఇంట్లో ఆస్తో వ్యాపారమో లేకపోతే బిడ్డలను ఆటలే బతుకనుకునే దారిలో పెట్టొద్దని ఆయన సలహా. చాలామందికి కోపం వచ్చింది. నాకు రాలేదు. అది అన్నవాడు సామాన్యుడు కాదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచినాక శీతల పానీయం ప్రకటనకు ఒప్పుకోని మనిషి. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇస్తే, అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టినాడు. నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇస్తే గానీ అది 2008కి తెరుచుకోలేదు. సైనా, సింధు అక్కడినుంచే వచ్చినారు. అంత చేసిన మనిషి, పతకం దాకా రాకుండా మధ్యలో ఆగిపోయిన వందలమందిని కళ్ళారా చూసి అన్న మాట అది. అట్లని పైకొచ్చినవాళ్ళు లేరని కాదు. మన పక్కనే క్రికెటర్ శ్రీచరణి ఉంది. కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి, థర్మల్ స్టేషన్ ఉద్యోగి కూతురు. డబ్ల్యూపీఎల్‌లో 55 లక్షలకు పోయింది, 2025 నవంబరులో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడింది, ప్రభుత్వం రెండున్నర కోట్లూ గ్రూప్ 1 ఉద్యోగమూ ప్రకటించింది. ఆ అమ్మాయి ఫోటో నీ ఫ్లెక్సీ మీద వేస్తావని నాకు తెలుసు. వేసుకో. కానీ ఆ ఫోటో చూపించి ఎవరి దగ్గరా ఫీజు వసూలు చేయొద్దు.

పతకం రానివాళ్ళకు ఏం మిగులుతుంది అన్నదే నిన్ను రాత్రి నిద్రపోనీయకుండా చేయాల. వెనకటికి హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దాన్ని నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి తీసుకుపోయింది ఆయనే. ఆ ఆటగాళ్ళకు కోట్లు రాలేదు, కానీ ఒంటి మీద పోలీసు డ్రెస్సు, నెలకు జీతం ఉండేవి. ఆట ఆగిపోయినా బతుకు ఆగలేదు. నీ దగ్గరికి వచ్చే పిల్లోడు పదో తరగతి తప్పితే అది నీ ఓటమి అనుకో. వారానికి ఒక సాయంత్రం బంతి పక్కన పెట్టి లెక్కలు చెప్పించు. ఈ ఒక్క ఖర్చుకు దాత దొరక్కపోతే నాకు చెప్పు, నేనే వచ్చి చెప్తా.

డల్లాస్‌లో ఉన్న మీ చిన్నమ్మ కొడుకు నీకు పంపిన వీడియో నాకూ పంపినాడు. అక్కడ ఆలెన్ అని ఒక ఊరు, ఆ ఊరి హైస్కూలుకు 18,000 మంది కూచునే అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం, 60 మిలియన్ డాలర్ల ఖర్చు. ఊరివాళ్ళు ఓటు వేసి, బాండ్లతో అప్పు తెచ్చి 2012లో కట్టుకున్నారు. రెండేళ్ళు తిరక్కముందే కాంక్రీటు పగుళ్ళిచ్చి మూత వేసి బాగుచేసుకోవలసి వచ్చింది. నాకు అందులో నచ్చింది స్టేడియం కాదు. ఎంత అప్పో, ఎందుకో ఊరికి ముందే చెప్పి ఓటు అడిగినారు. మనకు అంత దుడ్లు అక్కర్లేదు, ఆ పద్ధతి కావాల. దగ్గర్లో చూడాలంటే ఒకసారి అనంతపురం పో. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ) వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లోళ్ళు హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్ ఆడుతుంటారు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు చాలావరకు అక్కడే ఆడినారు. మన చుట్టుపక్కల కరువు నేల మీదనే ఇంత పని జరిగింది. పోయినప్పుడు పచ్చటి మైదానం ఫోటోలు తీసుకుని రావద్దు. ఖర్చు లెక్క ఎట్లా రాస్తారో, బిడ్డ ఇంటికి క్షేమంగా చేరిందో లేదో ఎవరు చూస్తారో అడిగి తెలుసుకో.

ఆ మాట మీదనే ఆడబిడ్డల సంగతి. నీ ఫ్లెక్సీలో వాళ్ళకు ఒక్క మ్యాచు లేదు. మన హైస్కూళ్ళ నుంచి రాష్ట్రం దాకా పోయే కబడ్డీ ఆడపిల్లలు మట్టిలోనే ఆడతారు. సెలక్షన్లో మొదటిసారి మ్యాటు మీద కాలు పెడతారు. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు మ్యాటు, దాని మీద ఒట్టి కాలు జారుతుంది, బూటు లేదు. వాళ్ళు ఓడిపోయేది ఆట రాక కాదు. క్రికెట్ మొదటి బహుమతిలో నేను తగ్గించమన్న 35,000లో కొంత దీనికి పెట్టు. బట్టలు మార్చుకోవడానికి ఒక గది, తోడు రావడానికి ఒక మహిళా టీచరు లేదా తల్లి, చీకటి పడకముందు ఇల్లు చేర్చే బండి. ఇవి కల్పించలేని రోజు ఆడబిడ్డలను పిలవొద్దు.

ఇక నమోదు పని. నీ ఫోన్‌పేలోకి టోర్నమెంటు దుడ్లు రాకూడదు. ఎంత నిజాయితీగా ఉన్నా, నీ ఖాతాలోకి వచ్చిన దుడ్లు నీవేనని ఊరంటుంది, రేపు ఇన్‌కంటాక్స్ వాళ్ళూ అడుగుతారు. 2001 సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టరు చేయి. దాని పేరున పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా. ఇన్‌కంటాక్స్ శాఖ దగ్గర విరాళాలకు అనుమతి వస్తే పాత పన్ను పద్ధతిలో ఉన్న దాతకు మినహాయింపు, నగదు మాత్రం 2,000 దాటితే ఆ మినహాయింపు రాదు కాబట్టి చెక్కో ట్రాన్స్‌ఫరో తీసుకో. కంపెనీల చట్టంలో సీఎస్ఆర్ కింద గ్రామీణ క్రీడల శిక్షణ కూడా ఉంది. కంపెనీవాళ్ళ దగ్గరికి పోవాలన్నా ఈ కాగితాలే ముందు అడుగుతారు. పండగ అయిన మూడో రోజు జమా ఖర్చు ఒక చార్టు మీద రాసి పంచాయతీ ఆఫీసు దగ్గర అంటించు. ఎవరడిగినా అడగకపోయినా.

సంఘానికి కనీసం ఏడుగురు ఉండాల. నీ స్నేహితులు ఆరుగురి పేర్లు అప్పుడే రాసిపెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. అందులో ఇద్దరిని తీసెయ్, వాళ్ళు నొచ్చుకుంటే నా పేరు చెప్పు. ఆ రెండు చోట్లా ఆడబిడ్డను ఆటకు పంపుతున్న తల్లులను పెట్టు. బ్యాంకు ఖాతాలో రెండో సంతకం వాళ్ళలో ఒకరిది ఉండాల.

మీ మామ